పేరు చివర అమ్మ

మా పాప బారసాల రోజు, పళ్ళెంలో పోసిన బియ్యంలో నా సహచరుడు ఉంగరంతో 'సూర్య' అని రాశాడు. అప్పటిదాకా ఆ పేరు సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. మా మామగారు కళ్ళద్దాలు సవరించుకుని చదివి, "ఇదేంటమ్మా, మగపిల్లాడి పేరు!" అన్నారు. కోపం లేదు, ఒట్టి ఆశ్చర్యం. "ఇప్పుడు ఆడపిల్లలకీ పెడుతున్నారు మామయ్యా" అని నేను చెప్పేలోపే మా పిన్ని అందుకుంది. "మంచి పని చేశావే. మీ నాన్నకి కొడుకుల్లేని లోటు తీర్చేశావు. సూర్యనారాయణ పేరు నిలబడింది."

అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. రాత్రి పాపకి పాలిస్తూ కూర్చున్నప్పుడు మాత్రం పిన్ని మాటే మళ్ళీ మళ్ళీ వినబడింది. లోటు! నాన్నకి మేమిద్దరం ఆడపిల్లలం. ఆయన బతికున్నన్నాళ్ళూ మా దగ్గర ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన పోయిన రెండేళ్ళకి, స్త్రీల సాహిత్యం మీద పిహెచ్.డి. చేసిన నేను, ఆ లోటు నిజమేనని ఒప్పుకుని మరీ పూడ్చినట్టయింది.

నేను ఆ పేరు ఎంచుకున్న కారణం వేరు. ఆడపిల్లల పేర్ల మీద నాకు చాలాకాలంగా విసుగు. సుశీల, శాంత, వినీత, సౌమ్య - ఇవి పేర్లా, ప్రవర్తనా నియమావళా? విజయ్, విక్రమ్, అజయ్ అని పిలిపించుకునేవాళ్ళ పక్కన పెట్టి చూడండి. సూర్యుడి దగ్గరికే వద్దాం. సూర్యప్రభ, సూర్యకళ, కిరణ్మయి. స్త్రీ ఎప్పుడూ సూర్యుడి వెలుగో, కళో, కిరణాల వల్ల మెరిసేదో తప్ప తానే సూర్యుడు కాదు. మొదటి రెండూ షష్ఠీ తత్పురుషాలే. (సూర్యకాంతం సంగతి వేరు. గయ్యాళి అత్త పాత్రల్లో ఆ మహానటి ఎంత గొప్పగా నటించిందంటే, తర్వాత ఆ పేరు కూతుళ్ళకి పెట్టడానికే జనం జంకారని చెప్పుకుంటారు.) అందుకే సమాసమూ వద్దు, విభక్తీ వద్దు, నా కూతురు నేరుగా సూర్య కావాలనుకున్నాను. కేరళలో సూర్య అనే అమ్మాయిలు కొత్తేమీ కాదు. మన దగ్గర మగవాళ్ళదనుకునే కిరణ్, పంజాబు వైపు ఆడపిల్లల పేరు.

సంస్కృతం చదివిన స్నేహితురాలొకామె నాకు ధైర్యం చెప్పింది. ఋగ్వేదం పదో మండలం 85వ సూక్తానికి ఋషి సూర్యా సావిత్రి అనే స్త్రీయేనట, కాబట్టి అది మొదటినుంచీ ఆడపేరేనట. వెతికి చదివాను. అది పెళ్ళి సూక్తం. కొత్త పెళ్ళికూతురికి పదిమంది కొడుకులు కలగాలని, మొగుడు పదకొండోవాడు కావాలని అందులో కోరిక. అంత ప్రాచీనమైన మద్దతు నాకు అక్కర్లేదనిపించింది.

మామగారి ఆశ్చర్యం కంటే పిన్ని మెప్పు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇంగ్లీషు నవలల్లో దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. షార్లెట్ బ్రాంటీ 1849లో 'షర్లీ' నవలని, ఆడో మగో తేలని కరర్ బెల్ అనే కలంపేరుతో అచ్చువేసింది. అప్పటికి షర్లీ మగపేరు. కొడుకు కోసం ఎదురుచూసిన తల్లిదండ్రులు, కూతురు పుడితే, కొడుక్కి అనుకున్న పేరే ఆమెకి పెడతారు. భూములూ ఆస్తీ ఆమెవే. తనని తాను కెప్టెన్ కీల్డార్ అని హాస్యంగా పిలుచుకుంటుంది కూడా. చివరికి పెళ్ళి చేసుకుని ఆ పెత్తనం భర్తకి వదిలేస్తుంది. నవల తర్వాత ఆ పేరు నెమ్మదిగా ఆడపిల్లలకి వచ్చింది. 1930లలో బాలనటి షర్లీ టెంపుల్ పేరు మోగిపోయాక పూర్తిగా ఆడపిల్లలదే అయిపోయింది. మగపిల్లలకి పెట్టడం దాదాపు మానేశారు. యాష్లీ, ఎవెలిన్, బెవర్లీ - వీటి కథా ఇంతే. 'గాన్ విత్ ది విండ్'లో యాష్లీ మగవాడే కదా! అమెరికాలో పేర్ల చరిత్రను పరిశోధించిన స్టాన్లీ లీబర్సన్ కూడా, ఇద్దరికీ చెందే పేర్లు అలా ఎంతోకాలం నిలవవని చూపించాడు. ఆడపిల్ల వచ్చి కూర్చోగానే మగపిల్లాడు ఆ బెంచీ మీంచి లేచిపోతాడు. అక్కడ మిగిలేది సమానత్వం కాదు, ఇంకొక ఆడపేరు.

ఇంత దూరం ఎందుకు, మనకి రుద్రమ ఉంది. కొడుకులు లేని గణపతిదేవుడు కూతుర్ని వారసురాలిని చేశాడు. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఆమె పాలించింది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. అది గణపతిదేవుడి పెదతండ్రి పేరు, వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడిది. సింహాసనం మీద స్త్రీ కూర్చోవచ్చు గానీ, ఆ సింహాసనానికి ఉన్న పేరు మాత్రం మగపేరుగానే ఉండాలన్నమాట. చిన్నప్పుడు ఈ పాఠం చదివి గర్వపడ్డాను. బారసాల తర్వాత అదే కథ వేరేగా కనిపించింది. పిన్ని నా కూతుర్ని మెచ్చుకున్నదీ ఆ లెక్కనే.

అయినా మగపేరు పెట్టి దాచేద్దామంటే తెలుగు భాష ఊరుకోదు. సూర్య వచ్చాడు, సూర్య వచ్చింది - క్రియ దగ్గర దొరికిపోతాం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో, స్త్రీలూ పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ పోగా మిగిలినవాటినే మహత్తులన్నాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం స్త్రీ మనుషుల్లోకి వస్తుంది: వాళ్ళు వచ్చారు. గౌరవంగా చెప్పినా అంతే: సూర్యగారు వచ్చారు. వచ్చింది ఆడో మగో అప్పుడు తెలీదు. మన భాషలో లింగభేదం చెరిగిపోయేది పేరుతో కాదు, మర్యాదతో. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే ఇది. అందులో మా ఇంటి కథ కూడా ఉందని నాకు తట్టలేదు.

తట్టించింది మా అమ్మ. బారసాలయిన పది రోజులకి, పాపకి నూనె రాస్తూ మామూలుగా అంది. "అందరూ మీ నాన్న పేరు పెట్టావంటన్నారు. మరి మా అమ్మ పేరేటి?"

మా అమ్మమ్మ పేరు సూరమ్మ.

నాన్నదీ అమ్మమ్మదీ శ్రీకాకుళం దగ్గర పక్కపక్క ఊళ్ళు. అరసవల్లి దేవుడికి మొక్కుకుని ఆ చుట్టుపక్కల ఎందరికో పెట్టే పేరు ఇది. సూరయ్య, సూరన్న, సూరమ్మ. నాన్న కూడా ఇంట్లో సూరయ్యే. బడిలో వేసిన రోజు మాస్టారు రిజిస్టరులో సూర్యనారాయణ అని రాశారు. అమ్మమ్మని ఎవరూ బడిలో వెయ్యలేదు. కనక ఆమె సూరమ్మగానే మిగిలింది. ఒకే సూర్యుడు, ఒకరి పేరు సంస్కృతమై సాగింది, ఇంకొకరిది పల్లెటూరి మోటు పేరయింది. ఐదేళ్ళు వచ్చేదాకా నన్ను పెంచింది ఆవిడే. కూతురికి పేరు వెతుకుతూ మూడు నిఘంటువులు తిరగేసినదాన్ని, ఆవిడ పేరు నా పేర్ల చిట్టాలోకి ఒక్కసారీ రాలేదు. వచ్చి ఉంటే కొట్టేసేదాన్నేనేమో. అమ్మతో ముగిసే పేర్లు పాతవి అని మనందరికీ ఎక్కడో నాటుకుపోయింది.

అమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఊళ్ళో పెద్దిళ్ళవాళ్ళు, పిల్లలతో సహా, అమ్మమ్మని 'సూరీ' అని పిలిచేవారట. పనిపాటలు చేసుకునే కులాల ఆడవాళ్ళ పేర్లలో అమ్మ, మగవాళ్ళ పేర్లలో అయ్య, వాళ్ళ నోట పలికేవి కావు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినాయన కూడా అలాగే రాశాడు. రాసింది చదివించుకుని అమ్మమ్మ కదల్లేదట. "నా పేరు సూరమ్మ. అమ్మ అని కూడా రాయి బాబూ" అని, కొట్టేసి రాసేదాకా అక్కడే నిలబడిందట. నేను ఆధునికత అనుకుని కత్తిరించిన తోక అదే. ఆవిడ నిలబడి సంపాదించుకున్నది.

అప్పటినుంచీ పాత పేర్లని ఇంకోలా చూస్తున్నాను. వెంకటేశ్వరుడి పేరు వెంకమ్మకి, నరసింహుడి పేరు నరసమ్మకి, రాముడి పేరు రామమ్మకి వెళ్ళింది. అటునుంచి ఎల్లమ్మ ఎల్లయ్యకి, పోచమ్మ పోచయ్యకి, లక్ష్మి లక్ష్మయ్యకి, సీత సీతయ్యకి ఇచ్చింది. రాకపోకలు రెండువైపులా ఉండేవి. అమ్మవారి పేరు పెట్టుకున్నందుకు పోచయ్య పరువు తగ్గలేదు. ఆ కాలంలో పితృస్వామ్యం లేదనడం లేదు నేను, పేర్ల సంగతి మాత్రమే చెబుతున్నాను. అమ్మ, అయ్య రాలిపోయాక దారి ఒకవైపే మిగిలింది. ఆడపిల్ల సూర్య కావచ్చు, కిరణ్ కావచ్చు. మగపిల్లాడు ఒట్టి లక్ష్మి కాలేడు. శాసనాలు రుద్రదేవ మహారాజన్న ఆమెని జనం రుద్రమ అనే గుర్తుపెట్టుకున్నారు. అందులోనూ ఆ అమ్మ ఉంది కదా!

కొడుకు పుట్టి ఉంటే అమ్మమ్మ పేరు పెట్టేవాళ్ళమా అని మావాడిని అడిగాను. నవ్వాడు. చెడ్డవాడు కాదు, ఇంటిపనిలో సగం చేస్తాడు. ఆ నవ్వు మాత్రం అసంకల్పితంగా వచ్చేసింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, ప్రశ్న అడుగుతున్నప్పుడు నా మొహం మీదా నవ్వే ఉంది.

పేరు మార్చేద్దామా అంటే, దానికీ మనసొప్పడం లేదు. అమ్మమ్మకి క్షమాపణగా నా కూతురు ఒక పేరు మొయ్యాలా? మొదట నా వాదన మోసింది, ఇప్పుడు నా పశ్చాత్తాపం. పాపకి అప్పుడే తొమ్మిదో నెల. 'సూర్యా' అంటే తలెత్తి చూస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడల్లా 'సూరమ్మా' అని పిలుస్తుంది, దానికీ చూస్తుంది. మామగారు ఏ పేరూ పెట్టి పిలవరు, 'అమ్మడూ' అంటారు.

జనన ధ్రువపత్రంలో పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఏడాదిలోపు నింపితే రుసుము ఉండదు. ఇంకా మూడు నెలలుంది.