నువ్వు సీట్లో లేని పూట

పాపా,

రాత్రి నువ్వు ఫోను పెట్టేసినాక చాలాసేపు నిద్ర పట్టలేదు. రేణిగుంట ఆఫీసులో చేరి ఇంకా ఆరు నెలలు నిండలేదు, అప్పుడే షేర్డ్ ఫోల్డరంతా సర్దే పని నీకు అప్పజెప్పినారని చెప్పినావు. "గీయమంటే ఎంతైనా గీస్తా పెదనాయనా, ఫైళ్లకు పేర్లు పెట్టే ఈ గుమాస్తా పని నాకెందుకు?" అన్నావు. నువ్వు చిన్నబుచ్చుకున్న సంగతి నీ గొంతులోనే తెలిసింది. ఫోన్లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావని ఇట్లా రాస్తా ఉన్నా.

అది తక్కువ పని కాదమ్మా. ముప్పై నాలుగేళ్లు డ్రాయింగు బల్ల దగ్గర గడిపినోణ్ణి చెబుతున్నా, నమ్ము. ట్రేసింగు పేపరు మీద గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి దిద్దుకునేవాణ్ణి. పేరు పెట్టడంలో చేసిన తప్పును మాత్రం కాంక్రీటు పగలగొట్టి దిద్దాల్సి వచ్చింది. ఆ సంగతి మీ నాయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు నేను పనిచేసే ఆఫీసులో చెరువుల మరమ్మతు డ్రాయింగులు చేసేవాళ్లం. కంప్యూటర్లు వచ్చి మూడు నాలుగేళ్లు అయ్యుంటుంది. పీలేరు వైపు ఒక ఊరి చెరువుకు కొత్త తూము కట్టాలి. డ్రాయింగు గీసినాను. తర్వాత చెరువులో లెవెళ్లు మళ్లీ తీస్తే తూము సిల్ లెవెల్ 45 సెంటీమీటర్లు కిందికి దించాలని తేలింది. దించి, కొత్త ఫైలుగా పెట్టినాను. మొదటిదాని పేరు "తూము ఫైనల్". రెండోదాని పేరు "తూము ఫైనల్ కొత్తది". ఏది అసలుదో నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పడానికి నేను సీట్లో ఉంటాను కదా అనుకున్నా.

ఆ వారం పుత్తూరులో పెళ్లికని మూడు రోజులు సెలవు పెట్టినాను. కంట్రాక్టరు మనిషి ప్రింటు కోసం వచ్చినాడు. ప్లాటరు దగ్గరుండే పిల్లోడు ఫోల్డరు తెరిచినాడు, పైన కనబడింది తీసి ఇచ్చినాడు. వాడి తప్పేముంది? ఫైనల్ అని రాసుంది.

నేను తిరిగొచ్చి సైటుకు పోయేసరికి అడుగు కాంక్రీటు అయిపోయింది. ఆయకట్టులో మడి ఉండే ఒక ముసలాయన కట్ట దిగొచ్చి, చేతికర్ర తూము నోటికి ఆనించి, ఆ కర్రను చెరువు అడుగుకు దించి చూసినాడు. "సామీ, ఇట్లైతే ఆఖరి తడి నీళ్లు చెరువులోనే నిలిచిపోతాయి, మా మడికి రావు" అన్నాడు. లెవెల్ మిషను పెట్టకుండానే ఆయనకు తెలిసిపోయింది. మూడు రోజులు సుత్తులతో పగలగొట్టినారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పటి నుంచి ఫైలుకు పేరు పెట్టేటప్పుడల్లా ఒకటే ప్రశ్న వేసుకునేవాణ్ణి: నేను పుత్తూరు పెళ్లిలో ఉంటే, ఈ ఫైలు నా బదులు మాట్లాడుతుందా? నువ్వూ అదే ప్రశ్న వేసుకో. నీకు అర్థమవుతుందా అని చూసుకోవద్దు. నీ ముఖం ఎప్పుడూ చూడని మనిషి, రాత్రి షిఫ్టులోనో ఎండలో సైటు షెడ్డు కిందనో, ఆ ఒక్క పేరు చదివి సరైన షీటు తీయగలడా అని చూడు.

మన ఊళ్లో ఇట్లాంటి పేర్లను చదువు లేనివాళ్లు కూడా చక్కగా వాడతారు. మీ అబ్బ భాగాలు పంచినప్పుడు నువ్వు పుట్టలేదు. మన చేను సర్వే నంబరు 214లో 2. అన్నదమ్ములకు పంచితే అది 214/2ఎ, 214/2బి అయింది. రేపు 2ఎ మళ్లీ పంచితే 2ఎ1, 2ఎ2 అవుతుంది. ఒక అంకె, ఒక అక్షరం, మళ్లీ అంకె. ఆ నంబరు చూస్తే ఏ ముక్క ఏ తల్లి ముక్కలోంచి వచ్చిందో తెలిసిపోతుంది. సర్వేయరు ఎఫ్.ఎం.బి. పుస్తకం తెరిచి అదే నంబరు పటం తీస్తాడు. కానీ 214 అనేది ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంటుంది. ఊరి పేరు లేకపోతే ఆ నంబరుకు అర్థమే లేదు. నీ షీటు నంబరు కూడా అంతే. "ఫుటింగు ప్లాన్ 04" అని ఒకటే రాస్తే మీ ఫోల్డర్లో ఎన్ని ప్రాజెక్టులుంటే అన్ని 04లు ఉంటాయి. ప్రాజెక్టు కోడు ముందు రావాలి.

రీసర్వే జరిగి చేలకు కొత్తగా ఎల్పీఎం నంబర్లు వచ్చినాక కూడా మన వాళ్లు పాత నంబరే చెబుతారు చూడు. బ్యాంకులో కాగితం పాత నంబరుతో ఉంటుంది, కోర్టులో దావా పాత నంబరుతో ఉంటుంది. కొత్త నంబరుకు పాత నంబరు ఏదో చూపించే పట్టిక చేతిలో ఉన్నవాడికి ఇబ్బంది లేదు. అది లేనివాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. నువ్వు పాత ఫైళ్ల పేర్లు మార్చే ముందు ఆ పట్టిక తయారు చెయ్యి. ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలు చాలు, ఎడమ పక్క పాత పేరు, కుడి పక్క కొత్త పేరు. ఒక్క పేరైనా మార్చకముందే చెయ్యి.

ఇంకొక మాట. మీ ఆఫీసులో ఫోల్డర్లు జిల్లాల వారీగా ఉన్నాయన్నావు. అది నాకు నచ్చలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. రేణిగుంట, శ్రీకాళహస్తి, సత్యవేడు చిత్తూరు జిల్లాలోంచి ఇటొచ్చినాయి. నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట వచ్చి కలిసినాయి. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయినాయి. 1911 నుంచి ఉన్న చిత్తూరు జిల్లా ఒక్క రోజులో వేరే ఆకారానికి వచ్చేసింది. మీ ఫోల్డర్లో "చిత్తూరు" కింద రేణిగుంట పనులు సగం, "తిరుపతి" కింద సగం ఉన్నాయంటే కారణం ఇదే. మారిపోయే దాన్ని పేరులో పెట్టకూడదు. జిల్లా మారుతుంది, క్లయింటు కంపెనీ పేరు మారుతుంది, చూసే ఇంజనీరు మారతాడు. పని మొదలైన రోజు ఇచ్చిన ప్రాజెక్టు నంబరు మాత్రం మారదు. ఫోల్డరుకు అదే తల. జిల్లా, క్లయింటు, ఇంజనీరు డ్రాయింగుల రిజిస్టరులో ఉండాలి, అక్కడ ఎన్నిసార్లు మార్చినా ఏ ఫైలూ కదలదు.

ఇక పేరు సంగతి. ప్రాజెక్టు, విభాగం, షీటు నంబరు, అంతే. "2307-ఎస్‌టి-0214" అన్నట్టు. స్పేసులు వద్దు, బ్రాకెట్లు వద్దు, మధ్యలో చిన్న గీత చాలు. నంబరు ముందు సున్నాలు పెట్టు. లేకపోతే కొన్ని ప్రోగ్రాములు 1 పక్కన 10ని, 11ని పెట్టి 2ను ఎక్కడో కిందికి తోసేస్తాయి. తేదీ రాయాల్సి వస్తే సంవత్సరం ముందు, నెల, తర్వాత రోజు. 04-05-22 అంటే మే నెల అని మనం అంటాం, అమెరికాలో క్లయింటు ఏప్రిల్ అంటాడు. 2022-05-04 అని రాస్తే ఆ గొడవ లేదు, వరుస కూడా దానంతటదే కుదురుతుంది. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు అని మరీ లోతుకు పోవద్దు. విండోసులో మొత్తం దారి 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు ఆ ఫైలు తెరవలేవు.

రివిజను దగ్గర మాత్రం కాస్త ఆగి చదువు. నీలాంటి తెలివైన పిల్లలు కూడా పొరపాటు పడేది ఇక్కడే. రివిజను నంబరు డీడబ్ల్యూజీ ఫైలు పేరులో పెట్టాలని అందరూ అనుకుంటారు. మనం పని చేసే డీడబ్ల్యూజీకి పెట్టొద్దు. ఎందుకంటావా? నీ గ్రిడ్ షీటును ఆర్కిటెక్చరు వాళ్లు, ఎలక్ట్రికల్ వాళ్లు, పైపుల వాళ్లు తమ షీట్లకు ఎక్స్‌రెఫ్‌గా తగిలించుకుని ఉంటారు. నువ్వు దాని పేరు చివర ఆర్02 తీసి ఆర్03 పెట్టిన క్షణం వాళ్ల షీట్లు పాత పేరునే పట్టుకుని ఉంటాయి. పాత ఫైలు అక్కడే ఉంటే ఇంకా ప్రమాదం, ఏ హెచ్చరికా రాదు, పాత గ్రిడ్ మీదే కొత్త గోడలు గీసేస్తారు. అందుకని పని చేసే ఫైలుకు ఒకటే పేరు, ఎప్పటికీ. బయటికి పంపే పీడీఎఫ్ పేరులో మాత్రం రివిజను తప్పకుండా ఉండాలి. పంపిన రోజు డీడబ్ల్యూజీ నకలు కూడా ఒకటి తీసి, ఆ రివిజను నంబరుతో "జారీ" ఫోల్డర్లో పెట్టి, దాన్ని ఎవరూ మార్చలేకుండా రీడ్ ఓన్లీ చెయ్యి. రివిజన్లకు అక్షరాలు వాడే చోట ఐ, ఓ వదిలెయ్యి, అవి ఒకటి లాగా, సున్నా లాగా కనబడి మోసం చేస్తాయి.

ఎక్స్‌రెఫ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దారి రిలేటివ్‌గా పెట్టుకో. నీ మిషన్లో సర్వరు జెడ్ డ్రైవు, పక్కనోళ్ల మిషన్లో వై డ్రైవు అయితే పూర్తి దారి ఇచ్చిన ఎక్స్‌రెఫ్ అక్కడ తెరుచుకోదు. బయటివాళ్లకు పంపేటప్పుడు ఒక్క ఫైలు మెయిలు చేసి ఊరుకోవద్దు, ఈట్రాన్స్‌మిట్ చేస్తే దాని వెంట ఉండాల్సినవన్నీ మూటగా పోతాయి.

పాత పీడీఎఫ్‌కు కాలం చెల్లితే దాన్ని చెరిపెయ్యొద్దు. "రద్దు" అని ఒక ఫోల్డరు పెట్టి అందులో వెయ్యి. మా కాలంలో పాత ప్రింటు మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి బీరువాలో దాచేవాళ్లం. రెండేళ్ల తర్వాత బిల్లు దగ్గర తగువొస్తే ఆ ఎర్ర గీత షీటే సాక్ష్యం. కానీ జారీ ఫోల్డర్లో ఒక షీటుకు ఒకే పీడీఎఫ్ కనబడాలి. రెండు కనబడితే నా తూము కథే మళ్లీ.

తిరుమల గుళ్లో తాళ్లపాక వాళ్ల సంకీర్తన భాండాగారం గురించి విన్నావు కదా. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి రాతి అరలో పెట్టినారు. వందల ఏళ్లు అట్లే ఉండి, గత శతాబ్దంలో బయటకొచ్చి అచ్చయినాయి. ఇవాళ ఏ పాట గురించి అడిగినా పండితులు రేకు నంబరు, ఆ రేకులో పాట నంబరు చెబుతారు. ప్రతి పాట నెత్తిన రాగం పేరు చెక్కి ఉంది. చెక్కినవాళ్లు లేరు, చెక్కించిన పెదతిరుమలాచార్యులు లేడు, అడగడానికి ఎవరూ లేరు. అయినా ఏ రాగమో ఆ రేకే చెబుతా ఉంది. నేను ఆ అచ్చు పుస్తకం తెరిచిన ప్రతిసారీ షీటు మూల ఉండే టైటిల్ బ్లాకే గుర్తొస్తుంది. పేరు బయట ఒక్క చోటే ఉంటే చాలదు, షీటు లోపల కూడా ఉండాలి. ఫైలు పేరు, టైటిల్ బ్లాకులో డ్రాయింగు నంబరు, రిజిస్టరు వరుసలో ఉన్న నంబరు, ఈ మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. జారీ చేసే ముందు ఈ మూడూ వేలు పెట్టి చూడు. అర నిమిషం పని.

మీ సీనియర్లతో కాస్త ఓర్పుగా ఉండు. వాళ్ల ఫైళ్లను రాత్రికి రాత్రి మార్చేస్తే పొద్దున్నే నీ మీదికి వస్తారు, అందులో న్యాయం ఉంది. ముందు కొత్త ప్రాజెక్టు ఒకటి తీసుకుని దాన్ని పద్ధతిగా పెట్టు. పక్క సీటు అన్న నిన్ను అడక్కుండా తనంతట తాను ఒక షీటు వెతికి తీసుకున్న రోజు, ఆయనే తన ఫోల్డరు చూపించి ఇది కూడా సర్దమ్మా అంటాడు. పాత ప్రాజెక్టుల్లో నడుస్తా ఉన్నవాటిని తర్వాత పట్టుకో. ముగిసిపోయినవాటి జోలికి పోవద్దు, రిజిస్టరులో ఎక్కించి అట్లే ఉంచు.

మన ఇంటి అటక మీద నా పాత ట్రేసింగులున్న రేకు గొట్టాలు చూసినావు కదా. చెరువు పేరు, షీటు నంబర్లు గొట్టం మూత మీదే రాసినాను, లోపల కొన్ని షీట్లలో టైటిల్ బ్లాకు నింపనేలేదు. ఇల్లు సున్నం కొట్టించినప్పుడు కూలోళ్లు అన్నీ దించి, మళ్లీ మూతలు పెట్టినారు. ఏ మూత ఏ గొట్టానిదో ఇప్పుడు నాకే తెలియడం లేదు. గొట్టాలు పన్నెండు, మూతలు పదకొండే ఉన్నాయి. గంగజాతరకు ఎట్లాగూ తిరుపతికి వస్తావు. వేషాలు చూసొచ్చినాక మధ్యాహ్నం నీకు వీలైతే నిచ్చెన వేసుకుందాం. నీ కళ్లు మంచివి, నువ్వు కట్ట పొడవు, తూము లెవెళ్లు చదివి చెప్పు. అవి విని ఏ ఊరి చెరువో నేను గుర్తుపడతా, షీటు మూలనే రాసిపెడదాం.

మీ పెదనాయన