జీర్ణోద్ధారమున ఏకత్వము

పెక్కింటిని ఒక్కటిగా కూర్చినపుడు ఆ పెక్కింటికి ఏమగునను ప్రశ్న వేదాంతమునకు క్రొత్తది కాదు. కాని మా నగరిలో మరమగ్గాల లెక్కలు దాచుకొన్న కంప్యూటరు, కరెంటు పోయి వచ్చిన పిమ్మట డిస్కు తెరువక మొరాయించినపుడు, ఆ ప్రశ్నయే మిక్కిలి లౌకికమైన రూపమున మన యెదుట నిలుచుచున్నది.

2007లో ఓరాకిల్ సంస్థలో క్రిస్ మేసన్ ఆరంభింపగా 2009లో లినక్సు కెర్నెలున చేరిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను ఫైల్ సిస్టమునకు తొలినాళ్లలో మరమ్మతు సాధనములు వేర్వేరుగా నుండెను. దోషములను వెదకుటకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌సీకే, చెడిన లాగును, అనగా ఇటీవలి వ్రాతల చిట్టాను, తుడిచివేయుటకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్-జీరో-లాగ్, ఇట్లు దేని పేరు దానిదే, దేని తీరు దానిదే. కాలక్రమమున ఇవి యన్నియు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను ఒకే కమాండు క్రిందికి వచ్చి చెక్, రెస్క్యూ, రిస్టోర్ అను శాఖలుగా కుదురుకొన్నవి. ఈ చేరిక వలన అవి తమ స్వరూపమును కోల్పోయినవా?

కోల్పోలేదనియే నా నిశ్చయము. చేతనాచేతనములు పరమాత్మకు శరీరమై, ఆయనను విడిచి నిలువజాలకయు, ఆయనలో కరగి మాసిపోకయు ఉండునని రామానుజాచార్యులు ప్రతిపాదించిన శరీరశరీరిభావమే ఇట్టి ఏకత్వమునకు సరియైన లక్షణము. దీనికి దృష్టాంతము వెదకుటకు మేము దూరము పోనక్కరలేదు. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానముల పాలన ఒక్క కమిటీ చేతిలోనికి వచ్చినది. మాకు చేరువనున్న నారాయణవనము, నాగలాపురముల ఆలయములు 1967లో అందు చేరినవి. పాలన ఒక్కటియైనను తిరుమలలో వైఖానసము, తిరుచానూరులో పాంచరాత్రము, కపిలతీర్థమున శైవాగమము చెక్కుచెదరక సాగుచున్నవి. ఒక ఆగమమువారు చేయు సంప్రోక్షణ మఱియొక ఆలయమున చెల్లదు.

అయితే ఏకనామమున ఒక ప్రమాదము కలదు. ఈ విషయమున మాత్రము నేను ఉదాసీనుడను కాజాలను. పేరు ఒక్కటి కాగానే చేయి తొందరపడును. చూచుట, మార్చుట అను రెండును ఒకే పని యని భ్రమించును. చెక్ అను శాఖ తనంతట తాను డిస్కును చదువునే గాని దానిపై నేమియు వ్రాయదు. రిపేర్ అను ఆప్షనును చేర్చినచో అది వ్రాయబూనును. అప్పుడును, అనుభవజ్ఞులు చెప్పినగాని దీనిని వాడవలదని తెరపై హెచ్చరించి, 10 సెకండ్లు లెక్కించుచు ఆగును. ఆ వ్యవధిలో మనస్సు మార్చుకొన్నవాడు కంట్రోల్-సీ నొక్కి మరలిపోవచ్చును. లాగును తుడిచివేయు శాఖ చిన్నదిగనే కనబడును గాని, కరెంటు పోవుటకు ముందటి క్షణములలో వ్రాసిన లెక్కను అది బలిగొనవచ్చును.

రిస్టోర్ మార్గము వేరు: చెడిన డిస్కును తాకక, అందలి ఫైళ్లను చేతనైనంత మేరకు వేరొక చోటికి తరలించును. ఇట్లే 2018 ఆగస్టులో తిరుమలలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరిగినపుడు, గర్భాలయమున పని మొదలిడుటకు ముందే మూర్తులందలి శక్తిని కుంభములందు ఆవాహన చేసి యాగశాలకు చేర్చి, అచటనే నిత్యారాధన సాగించి, పని ముగిసిన పిదపనే మరల మూర్తులందు ప్రతిష్ఠించిరి. పూజ్యవస్తువును పదిలపరచినగాని పీఠమును కదలింపరాదను ఈ క్రమమునకు భక్తి యెంత మూలమో వివేకమును అంతే మూలము. లెక్కల డిస్కు విషయమునను నేను ఈ క్రమమునే కోరుదును. ముందు రిస్టోర్, ఆ పిమ్మటనే రిపేర్.

ఇక ఎఫ్‌ఎస్‌సీకే డాట్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను పేరుతో ఇంకొకటి కలదు. కంప్యూటరు లేచునపుడు మామూలు తనిఖీ కొరకు పిలువబడి, ఏమియు చేయక, అంతయు సవ్యమే యన్నట్లు తిరిగివచ్చును. నామముండి క్రియ లేని దీనిని మిథ్య యని కొట్టివేయువారు కలరు. నే నట్లు తలపను. యజమాని నిద్రించుచుండగా ఆయన లెక్కలపై చేయి వేయక నిలిచిన ఆ చిన్న స్క్రిప్టు, తన శాఖకు విధింపబడిన ధర్మమునే నెరవేర్చుచున్నది.