లివర్ పేరు చెప్పి

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరైనా "బాగా సన్నబడ్డారే!" అంటే నా నోట ముందుగా వచ్చే మాట "లివర్ కోసమండీ". అబద్ధమేం కాదు, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అనే వచ్చింది. కానీ ఆ రిపోర్టు చాలాకాలం బీరువాలోనే ఉంది. నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది తమ్ముడి పెళ్లి ఫొటోల్లో నా పొట్ట. లివర్ నొప్పి పుట్టదు, పొట్ట నలుగురికీ కనిపిస్తుంది. బరువు తగ్గడానికి సూది వేసుకుంటున్నానంటే చిన్నతనం, లివర్ కోసమంటే మర్యాద.

ఇక్కడ ఈ జబ్బు కొత్తేమీ కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. 2025లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో, నేను వేసుకుంటున్న మౌంజారో సూది మన మార్కెట్‌లోకి వచ్చింది.

అందులోని టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1, జీఐపీ అనే రెండు పేగు హార్మోన్లలా పనిచేస్తుంది. తమాషా ఏంటంటే, లివర్ కణాల్లో ఆ హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు దాదాపు లేవు. మందు ఆకలిని తగ్గిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయిస్తుంది. ఫ్యాటీ లివర్‌లో చేరే కొవ్వులో సగానికి పైగా ఒంట్లోని నిల్వల నుంచి రక్తంలో కొట్టుకొచ్చేదే. ఇంకో పావు వంతు అన్నం, చక్కెరల నుంచి లివర్ సొంతంగా తయారుచేస్తుంది. ఆ రెండు రాకడలూ తగ్గితే ఉన్నది ఖర్చవుతుంది.

మరి ఇన్నాళ్లూ అంత సరుకు పంపిందెవరు? అమెరికా కాల్ ముగిసేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ ఫోన్: "సార్, బిర్యానీ వచ్చింది." అప్పుడు నాకు ఆకలి ఉండేదని చెప్పలేను. రోజంతా క్లయింటు చెప్పినట్టు నడుచుకున్నవాడు తన ఇష్టప్రకారం చేసే పని అదొక్కటే. ఇప్పుడు డబ్బా సగంలోనే మూతపడుతోంది. "ఏరా, సయించట్లేదా?" అంటోంది అమ్మ. సయిస్తుంది, కానీ కడుపు అడగట్లేదు. ఆ పదకొండింటి వెలితి మాత్రం ఎక్కడికీ పోలేదు. దానికి ఈ సూదిలో మందు లేదు.

మందును తీసిపారేయను. ఇదే కోవలోని సెమాగ్లూటైడ్‌తో జరిగిన ఎసెన్స్ ట్రయల్‌లో 72 వారాలకు లివర్ వాపు పోయినవాళ్లు దాదాపు 63 శాతం, ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లలో 34. లివర్‌లో మచ్చలు తగ్గడం మాత్రం 37, 22. మచ్చ కొవ్వంత తేలిగ్గా కరగదు. పైగా సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని ఇంకో ట్రయల్ తేల్చింది.

బరువు మిషన్ ఈ మచ్చల సంగతి చెప్పదు. అందుకే వాటిని అంచనా వేసే ఫైబ్రోస్కాన్‌కి వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈ సూది వేసుకుంటున్నవాళ్లు మీరూ మీ డాక్టర్‌ని ఆ పరీక్ష గురించి అడగండి.