ఉన్నంత మాత్రాన కారణమా?

నష్టం జరిగిన చోట ఒకటి కనిపిస్తే, ఆ నష్టానికి అదే కారణమనవచ్చునా? జుట్టు రాలడం గురించిన చర్చలో ఈ పాత తార్కిక ప్రశ్నే మళ్లీ తలెత్తుతోంది. మన వెంట్రుకల కుదుళ్లలో డెమోడెక్స్ అనే నల్లి బతుకుతుంది. పొడవు మిల్లీమీటరులో దాదాపు మూడో వంతు, కాళ్లు ఎనిమిది. 1840ల్లోనే యూరప్ వైద్యులు దీన్ని గుర్తించారు. బట్టతల ఉన్నవారి కుదుళ్లలో ఇది కనిపిస్తుంది కనుక జుట్టును పాడుచేసేది ఇదేనని కొందరంటారు. తలమీద గుండ్రంగా జుట్టు ఊడితే పేనుకొరుకుడని పురుగు మీద నెపం వేయడం మనకు అలవాటే. నిజానికి ఆ జబ్బులో శరీరపు రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేస్తుంది.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రదేశం వాడు. ఆయన చెప్పిన న్యాయశాస్త్రంలో కారణమనిపించుకోవడం తేలిక కాదు. కార్యానికి ముందు తప్పక ఉండాలి, అది లేనిదే కార్యం కుదరకూడదు. కుమ్మరికి మట్టి మోసిన గాడిద కుండకు ముందే ఉంది, అయినా నైయాయికులు దాన్ని కారణాల్లో చేర్చరు. మరి నల్లి సంగతి? ఒత్తయిన జుట్టున్న పెద్దవాళ్ల చర్మంలోనూ అది ఉంటుంది కనుక, దాని ఉనికి ఒక్కటే దేన్నీ తేల్చదు. బట్టతల మీద ఎక్కువగా కనిపించిందనుకున్నా చిక్కు తీరదు. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో కుదుళ్లను కుంచింపజేసే పురుష హార్మోన్లే చర్మంలో నూనె గ్రంథులనూ పెంచుతాయి. నూనె ఉన్నచోట నల్లికి తిండి దొరుకుతుంది. రెండూ ఒకే మూలం నుంచి రాగలిగినప్పుడు ఒకదాన్ని రెండోదానికి కారణం చేయడం అన్యాయం.

కుక్కలకు ఈ కోవ నల్లుల వల్లే జుట్టు ఊడుతుంది కదా అనవచ్చు. నిజమే. కానీ ఆరోగ్యమైన కుక్కల మీదా అవి ఉంటాయి, నిరోధకశక్తి సన్నగిల్లినప్పుడే విజృంభిస్తాయి. మనుషుల్లోనూ మితిమీరి పెరిగితే కనురెప్పలు వాచి రెప్పవెంట్రుకలు రాలవచ్చు. కాబట్టి నల్లి పూర్తిగా నిర్దోషి అని నేననను. ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది: దోమా అన్నిచోట్లా ఉండేదే, మలేరియా దాని వల్లేనని ఎలా ఒప్పుకున్నాం? జవాబు బేగంపేటలో ఉంది. మలేరియా రోగి రక్తం తాగించిన దోమ పొట్టగోడలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న పరాన్నజీవిని చూశాడు. చూసి అక్కడితో ఆగలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి, ఆరోగ్యమైన పక్షులకు దోమకాటుతోనే జబ్బు అంటుకుంటుందని చూపించాడు. దోమ నేరం అలా రుజువైంది. నల్లులను తీసేస్తే బట్టతల మీద జుట్టు మళ్లీ మొలుస్తుందని అలాంటి ప్రయోగమేదీ తేల్చలేదు. తేలేదాకా నల్లులను చంపుతామనే నూనెలకూ షాంపూలకూ డబ్బు పోయకండి. జుట్టు రాలుతుంటే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి ఐరన్ లోపమో, థైరాయిడ్ తేడానో, వంశం నుంచి వచ్చిందో చూపించుకోండి.