పక్షము వేరైనను పంక్తి ఒక్కటే

శరణధర్మము మాటలో పుట్టి, మాటలో పెరిగిన ధర్మము. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడు నెలకొల్పిన అనుభవమంటపమున అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠించెను. రాజ్యభారము వహించిన మంత్రియు, చెప్పులు కుట్టిన హరళయ్యయు, పడవ నడిపిన చౌడయ్యయు ఆ సభలో సమానులై కూర్చుండి తర్కించిరి. అందరిదియు ఒక్కటే అభిప్రాయమైనచో ఆ సభతో పనియే లేకుండెడిది. కావున అభిప్రాయభేదము ధర్మమునకు విరోధి యని శరణు లెన్నడును తలపలేదు.

నేడు కళాశాలలలో చదువు పిల్లలు రాజకీయ పక్షములలో చేరుట చూచి పెక్కు గృహములలో తల్లిదండ్రులు కలత చెందుచున్నారు. చేరుటయే దోషమనుట న్యాయము కాదు. 1989 నుండి పదునెనిమిదేండ్లకే ఓటుహక్కు లభించుచున్నది. ఓటు వేయవలసినవాడు ఆలోచింపక తప్పదు. 1969 నాటి తెలంగాణ ఉద్యమమునందును, 1972-73 నాటి జై ఆంధ్ర ఉద్యమమునందును ముందు నడచినవారిలో విద్యార్థులే ఎక్కువ. చింతింపవలసినది పక్షమున చేరిన పిదప నోట వెడలు మాటను గూర్చియే.

ఆ మాట మెట్టు మెట్టుగా దిగజారును. మొదట ఫీజు పెంచుట తప్పనియో, వసతిగృహమున అన్నము బాగులేదనియో విషయము పలుకును. పిదప, ఎదుటి పక్షము చెప్పినది గనుక తప్పనును. అటుపిమ్మట, ఎదుటి పక్షమువాడు గనుక ద్రోహి యనును. తుదకు వాని కులమును, మతమును, పుట్టిన ప్రాంతమును, ఆడపిల్లయైనచో ఆమె నడతను గోడమీదికెక్కించును. ఈనాడు గోడకు బదులు చేతిలోని ఫోను చాలును. ద్రోహి యని పేరు పెట్టినవానికి సమాధానము చెప్పనక్కరలేదు గదా! వానిని కొట్టినను తప్పులేదని గుంపు తలచును. చేయి కర్ర పట్టుటకు చాల ముందే నాలుక దారి వేసియుండును. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున జార్జిరెడ్డి యను భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి పాతికేండ్ల వయసుననే హత్యకు గురియయ్యెను. బిడ్డను చదువునకు పంపిన తల్లి ఏ పక్షమునకు చెందినదైనను, ఆ దినమును తలచినచో ఆమె గుండె ఝల్లుమనును.

ఇట్టి అనర్థములను నివారింపగోరి లింగ్డో సంఘము విద్యార్థి ఎన్నికలకు నియమములు సూచింపగా, 2006లో సుప్రీంకోర్టు వానిని అమలుపరుప నాజ్ఞాపించెను. ప్రత్యర్థి విధానములను, కార్యక్రమములను, గతమున చేసిన పనులను మాత్రమే విమర్శింపవలెను. వ్యక్తిగత జీవితము జోలికి పోరాదు. కులమతముల పేరిట ఓటు అడుగరాదు. అభ్యర్థి వ్యయము 5000 రూపాయలను మించరాదు. ఇవి మంచి నియమములే. అయినను చట్టము వెలుపలి హద్దును మాత్రమే గీయగలదు. నాలుకను లోపలినుండి దిద్దవలసినది సంస్కారము. ఆ సంస్కారమునకు శరణుల చరిత్రయే పాఠశాల.

సొన్నలిగెలో సిద్ధరామయ్య చెరువులు త్రవ్వించుచు, గుడులు కట్టించుచుండగా అల్లమప్రభువు అటకు వచ్చి, అతని పనిని తేలికపరచి కటువుగా పలికెను. పనివారు కోపించి రాళ్లు రువ్విరి. సిద్ధరామయ్యయు ఆగ్రహముతోనే వచ్చెను. అయినను ప్రభువు తొలగిపోలేదు. ఎదుట నిలిచి సంవాదము సాగించి, అతని మనస్సు విప్పారిన పిదప వెంటబెట్టుకొని కల్యాణమునకు తోడ్కొని వచ్చెను. నాడు తిట్టువడిన సిద్ధరామయ్యయే పిమ్మట శరణులలో అగ్రగణ్యుడయ్యెను. ప్రభువు మాట కటువైనదే. కాని ఆ మాట ముఖాముఖిగా పలుకబడినది, చేయుపనిని గూర్చి పలుకబడినది, ఎదుటివానిని కలుపుకొనుటకై పలుకబడినది. నేటి నినాదమునకు ఈ మూడు లక్షణములలో ఒక్కటైనను కలదా యని విద్యార్థి తన్ను తానే ప్రశ్నించుకొనవలెను.

ఆయ్దక్కి లక్కమ్మ కథ మరియొక పాఠము. ఆమె భర్త మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యము ఏరి తెచ్చి దాసోహము నడపుచుండెను. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు, అది దురాశ యని హెచ్చరించి, అధికముగ తెచ్చిన బియ్యమును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. తనవాడు గదా యని తప్పును కప్పిపుచ్చకుండుటయే శరణుల నిష్ఠ. ఎదుటి పక్షము తప్పులను వంద ఎంచువాడు తన పక్షము తప్పును ఒక్కటైనను పైకి చెప్పగలిగిననాడే వానిది విమర్శ యగును. అంతవరకు అది కేవలము భజన.

మాట నిలిచిపోయినచో ఏమగునో కల్యాణమే సాక్ష్యము పలుకుచున్నది. మధువయ్య కుమార్తెకును, హరళయ్య కుమారునకును జరిగిన వివాహమును కులగర్వులు ఓర్వలేక బిజ్జలునికి కొండెములు చెప్పిరి. ఆ తండ్రులిద్దరును ఘోరశిక్షకు గురియైరి. బసవేశ్వరుడు కూడలసంగమమునకు తరలిపోయెను. పిదప బిజ్జలుడును కత్తికి బలియయ్యెనని పురాణములు చెప్పుచున్నవి. శరణులు చెల్లాచెదరై ఉళివి మున్నగు తావులకు పోవలసివచ్చెను. కొండెము నెగ్గెను, కత్తి నెగ్గెను. అంతటి మహాసభ చెదరిపోయెను. ఒక కళాశాలకైనను, ఒక కుటుంబమునకైనను ఇదియే గతి.

కావున పెద్దలకు కొన్ని విధులు కలవు. కుమారుడో, కుమార్తెయో ఇంటికి వచ్చి ఎదుటివారందరును దుర్మార్గులని పలికినపుడు గద్దింపరాదు, తల ఊపరాదు. "వారి వాదమును వారే ఒప్పుకొనునట్లు ఒకమారు చెప్పుము నాయనా" యని అడుగవలెను. చెప్పలేకపోయినచో, తాను ద్వేషించునది దేనినో తనకే తెలియదని ఆ బిడ్డ గ్రహించును. ఇష్టలింగమును అరచేత నిలిపి పూజించు వేళ, ఆ చేతితో రాయి రువ్వవచ్చునా, నిందావాక్యము వ్రాయవచ్చునా యని తలపోయుట నేర్పవలెను. ఎదుటివాని యందును శివుడే కలడని నమ్మినవాని చేయి అంత సులువుగా లేవదు.

మఠములు బసవజయంతినాడు ఉపన్యాసములతో తృప్తి చెందక, భిన్నపక్షముల విద్యార్థులను పిలిచి ఒక్క వేదికపై వాదింపజేయవలెను. పిదప ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపవలెను. తుమకూరు సిద్ధగంగా మఠమున కులమతములు విచారింపక వేలాది విద్యార్థులకు అన్నమును, ఆశ్రయమును, విద్యయు ఒసగుచున్నారు. ప్రక్క విస్తరివానికి ఉప్పు అందించిన చేయి మరునాడు వానిపై లేచుటకు సిగ్గుపడును. దాసోహమునకు కల శక్తి యిదియే.

ఎన్నికలు వచ్చును, పోవును. పక్షములు పేర్లు మార్చుకొనును. తోటి విద్యార్థి మనసున నాటిన ములుకు మాత్రము నలువదేండ్లైనను నొచ్చుచుండును. యువకులు తమ పక్షమును ధైర్యముగ చాటుదురు గాక! ఎదుటివానిని మనుష్యునిగా చూచుట మరువకుందురు గాక! బసవేశ్వరుని కృపవలన వారి నోట వాదము నిలిచి, విషము తొలగు గాక!