స్టీరింగు ఎవరి చేతికి?

పరకాల దగ్గరి ఒక ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు. పెద్దపిల్లను జనగామకిచ్చాడు, నడిపిపిల్లను మానుకోటకు, చిన్నపిల్లను భూపాలపల్లికి. అల్లుళ్లు ముగ్గురూ స్టీరింగు పట్టి బతికేవాళ్లే.

జనగామ అల్లుడికి హార్డ్‌వేర్ షాపు ఉంది. సరుకు కోసం వారంలో రెండు మూడుసార్లు హైదరాబాద్ పోయివస్తాడు, ఈ మధ్యే కొత్త కారు కొన్నాడు. మానుకోట అల్లుడికి డీసీఎం ఉంది. మిర్చి సీజన్ వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల బస్తాలన్నీ వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు ఆయనే తోలుతాడు. భూపాలపల్లి అల్లుడిది బొగ్గు టిప్పర్. తాడిచెర్ల ఓపెన్‌కాస్ట్ నుంచి చెల్పూరు కేటీపీపీ కరెంటు ప్లాంటుకు బొగ్గు చేరుస్తాడు.

2025 మే నెల. కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు. గోదావరి, ప్రాణహిత కలిసేచోట మునగాలని అత్తకు ఎన్నాళ్ల నుంచో ఆశ. అల్లుళ్లంతా ఎవరి బండిమీద వాళ్లు వచ్చారు. పొయ్యేది జనగామ అల్లుడి కారులో అని తేలిపోయింది. తేలనిది నడిపేదెవరన్నదే. రాత్రి అన్నాలు తిని ముగ్గురు సడ్డకులూ అరుగుమీద కూర్చుంటే మాట అటే మళ్లింది.

"నా కారు నేనే నడుపుత మామా" అన్నాడు జనగామ అల్లుడు. "పెంబర్తి దాటినంక కాలు పెట్టిన్ననుకో, నూటముప్పైల గూడ కడుపుల సల్ల కదలది. ఎనభై దాటంగనే టింగుమంటది గని, పాటల సౌండు పెంచితే ఇనబడదు."

"గదేం బండి నడుపుడు?" అన్నాడు మానుకోట అల్లుడు. "నా డీసీఎంకు ఎనభైకి లాకు ఉండె. మెకానిక్‌కు చెప్పి సెన్సారు తీగ పీకిచ్చిన. ఇప్పుడు తొంబై, తొంబై అయిదు ఉరుకుతది. అందరికంటె ముందు మార్కెట్ల దిగుత."

చిన్నల్లుడు నవ్వాడు. "నాకు గీ రంది లేదు మామా. టిప్పర్‌కు అరవైకే లాకు. కాలు పెట్టి కూసుంట. అది దాటనియ్యది, నేను తగ్గియ్య."

మామ తమలపాకు నమలడం ఆపాడు. "ముగ్గురూ ఎంత ఉరుకుతదో చెప్పిన్రు. ఎంతల ఆగుతదో ఒక్కరన్న చెప్పున్రి."

కారుకు ఇరవై అంగలు చాలన్నాడు పెద్దల్లుడు. డీసీఎంకు ముప్పై అన్నాడు నడిపల్లుడు. చిన్నల్లుడు ఆలోచించి, తానెప్పుడూ కొలవలేదన్నాడు.

తెల్లారకముందే మామ వాళ్లను ఊరవతల కొత్తగా వేసి ఇంకా బండ్లకు తెరవని రోడ్డుమీదికి తీసుకుపోయాడు. రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశాడు. పక్కన కట్టమీద నిలబడి, బండి ముందు చక్రం గీత దాటగానే ఎర్ర తువ్వాల దించుతానన్నాడు. తువ్వాల కిందికి రాగానే బ్రేకు కొట్టాలి.

కారు వందలో వచ్చింది. తువ్వాల దిగింది. కారు ఆగినచోటి దాకా మామ అంగలు వేసుకుంటూ పోయాడు. నూట పది. రోడ్డుమీద సన్న ఇసుక ఉందని అల్లుడు వాదించాడు. సరే, ఎనభైలో రమ్మన్నాడు మామ. డెబ్బై ఆరు. అరవైలో వస్తే యాభైకి ఒకటి తక్కువ. పెద్దల్లుడు మళ్లీ మాట్లాడలేదు.

డీసీఎం ఖాళీగానే ఉంది, అయినా తొంభై అయిదులో వచ్చి నూట ఇరవై అంగలు దాటి ఆగింది. మామ అంతటితో వదల్లేదు. నడిపల్లుడి చెయ్యి పట్టుకుని వెనక్కి, సున్నపు గీత దగ్గరికి నడిపించాడు. టైర్లు రాసుకున్న నల్లటి చారలు గీత దగ్గర లేవు. అక్కడి నుంచి ముప్పై అయిదు అంగల అవతల మొదలయ్యాయి.

"ఈ జాగల నీ బ్రేకు ఏడుంది?" అడిగాడు మామ. "నేను తువ్వాల దించిన. నీ కండ్లు సూసినయ్, మనసుకెక్కింది, కాలు లేసింది. గంతలనే బండి ఇంత దూరమొచ్చింది. ఈ ముప్పై అయిదు అంగలల్ల నువ్వు డ్రైవర్‌వి కాదు బిడ్డా, సామానువి."

టిప్పర్ అరవైలో వచ్చి అరవై అంగల్లో ఆగింది. డీసీఎం కంటే తక్కువలో ఆగానని చిన్నల్లుడు సంబరపడ్డాడు. మామ ఆయన్ను ఊరి మలుపు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ ఐకేపీ కొనుగోలు సెంటరు ఉంది. యాసంగి వడ్లు సగం రోడ్డుదాకా పోసి ఉన్నాయి. చుట్టూ రాళ్లు పేర్చారు. ఇద్దరు ఆడవాళ్లు కాళ్లతో వడ్లు తిరగేస్తున్నారు, హమాలీ ఒకాయన రోడ్డుకు వీపు పెట్టి బస్తా కుడుతున్నాడు.

"ఈ మలుపుల నీకు ముందట ఎంత దూరం కనబడ్తది?"

"ముప్పై అంగలు ఉంటదేమో మామా."

"ఆగనీకె అరవై కావాలె, కనబడేది ముప్పై. మిగిలిన ముప్పై అంగలు ఎవలమీదికెల్లి పోతవ్?"

చిన్నల్లుడు హమాలీ వీపు దిక్కు చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక మామ తీర్పు చెప్పాడు. స్టీరింగు చిన్నల్లుడి చేతికే. పెద్దల్లుడికి కోపమొచ్చింది. "మలుపు కాడ తప్పింది ఆయన. కారు నాది. ఇదేం న్యాయం మామా?"

"మీరిద్దరు హద్దు తెలిసే దాటిన్రు. ఒకరు తీగ పీకిన్రు, ఒకరు సప్పుడు ఇనబడకుంట పాట పెట్టిన్రు. చిన్నాయన హద్దుల్నే ఉన్నడు. ఆ హద్దొక్కటే సాలనుకున్నడు. తెల్వనిది నేర్పితె వస్తది. తెలిసి దాటినోనికి ఏం నేర్పాలె?"

మర్నాడు భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కారు కాళేశ్వరం పోయింది. దారి ఖాళీగా కనిపించినచోట చిన్నల్లుడు ఎనభై దాకా పోనిచ్చాడు. మలుపు రాకముందే కాలు తీశాడు. వడ్లు పోసినచోట ముప్పైకి వచ్చాడు. వెనక ఇసుక లారీ హారన్ మోగిస్తూనే ఉంది, ఎడమకు జరిగి దారిచ్చాడు. ఇంకొకరు బండి నడుపుతుంటే పక్క సీట్లో మామ కునుకు తీయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. డ్రైవర్ల అలవాటు అది. ఆ రోజు కాటారం దాటక ముందే ఆయన నిద్రపోయాడు.

నీతి

హద్దు పెట్టే యంత్రం కావాలి, ఆ హద్దుకు లోపల ఎంతలో పోవాలో తేల్చుకునే మనిషీ కావాలి. ఒకటి ఉందని రెండోదాన్ని వదులుకుంటే ప్రాణాలు పోతాయి.

అల్లుళ్లు లాకు అన్నది స్పీడ్ గవర్నర్‌ను. అది చేసే పని చాలా చిన్నది. చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో గేర్‌బాక్స్ దగ్గరి సెన్సారు చెబుతుంది. పెట్టిన హద్దు రాగానే కంట్రోల్ యూనిట్ ఇంజిన్‌కు ఇంధనం తగ్గిస్తుంది. అంతే. చాలా బండ్లలో అది బ్రేకు వెయ్యదు, కాబట్టి దిగుడులో బరువుతో ఉన్న లారీ హద్దు దాటి జారగలదు. ముందు బడి ఉందో, మలుపుందో, వడ్ల కుప్ప ఉందో దానికి తెలియదు. ఎనభై అన్నది ఎక్కడైనా ఎనభయ్యే దానికి.

అయినా ఆ చిన్న పనే చాలా ప్రాణాలు నిలబెడుతుంది. అందుకే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 118వ నిబంధనను 2015 ఏప్రిల్‌లో సవరించి, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్ల హద్దు పెట్టారు. డంపర్లకు, ట్యాంకర్లకు, స్కూలు బస్సులకు, ప్రమాదకర సరుకు మోసే బండ్లకు అది 60. సొంత కార్లకు లాకు లేదు. 2019 జులై 1 నుంచి వచ్చిన కొత్త కార్లలో మాత్రం 80 దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి చేశారు. పాటల సౌండు పెంచి దాన్ని నొక్కేసేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

లాకుతో ఓవర్‌టేక్ కష్టమని డ్రైవర్లు అంటారు. ఆ మాటలో నిజముంది. అరవైలో పోతున్న లారీని ఎనభై దాటలేని బండి దాటాలంటే పది పన్నెండు సెకన్లు పడుతుంది. ఆలోగా మన బండి దాదాపు పావు కిలోమీటరు పోతుంది, ఎదురుగా ఎనభైలో వచ్చే బండి ఇంకో పావు కిలోమీటరు దగ్గరవుతుంది. అంటే అర కిలోమీటరు ఖాళీ కనిపించాలి. రెండు వరుసల రోడ్డుమీద అంత ఖాళీ కనబడకపోతే దాటకూడదు. తీగ పీకి తొంభై అయిదు తెచ్చుకున్నవాడికి కలిసొచ్చేది కొన్ని సెకన్లు, పెరిగేది ఢీకొన్నప్పటి దెబ్బ. ఆ దెబ్బ వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఎనభై నుంచి వందకు పోతే వేగం పెరిగేది నాలుగో వంతే, బండిలోని శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇంతా చేసి అరవై కిలోమీటర్ల దారిలో, అంటే ఇంచుమించు జనగామ నుంచి హనుమకొండ దాకా, మిగిలేది తొమ్మిది నిమిషాలు.

వేగంగా పోవడమే పాపమని నేననను. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై కారుకు వంద దాకా 2018లో కేంద్రమే అనుమతిచ్చింది. చూపు దూరం పోతుంటే, టైర్లు బాగుంటే, ఒళ్లు అలిసిపోకుండా ఉంటే వందలో పోవచ్చు. అదే రోడ్డుమీద పక్క ఊరి నుంచి ట్రాక్టరు ఎక్కేచోట, కూలీలను కుక్కుకున్న ఆటో ముందున్నచోట ఆ వంద పనికిరాదు. కనబడేంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం. బోర్డుమీది అంకె అంతకుమించి పోవద్దని చెబుతుంది తప్ప, అంత పొమ్మని చెప్పదు.

యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ రోడ్డు బోర్డును, మ్యాపును చదివి హద్దు గుర్తుచేసే పరికరం ఉండాలి. అదీ చివరి మాట డ్రైవర్‌కే వదిలింది. వోల్వో కంపెనీ 2020 నుంచి తన కార్లన్నిటికీ 180 దగ్గర కట్ట వేసింది. మన దగ్గర 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురు అతివేగానికి బలయ్యారని కేంద్ర రవాణా శాఖ లెక్క.

రోడ్లమీద వడ్లు, మక్కలు ఆరబోయడం తప్పే. కల్లాలు లేక పోస్తున్నారన్నదీ నిజమే. ఊరూరా కల్లం కట్టించడం ప్రభుత్వం పని. అది జరిగేదాకా ఆ కుప్ప దగ్గర వంగి ఉన్న మనిషి ప్రాణం మన కాలి కిందనే ఉంది.

నాగపూర్–విజయవాడ కారిడార్‌లో భాగంగా మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం వైపు కొత్త నాలుగు వరుసల రహదారి భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల మీదుగా వస్తోంది. రేపు ఇక్కడి బండ్లకు ఇప్పటికంటే ఎక్కువ వేగం అందుతుంది. ఆ రోడ్డుమీదినుంచి దిగి ఊరి మలుపులోకి వచ్చేటప్పుడు వంద అలవాటైన కాలు ముప్పైకి రావాలి. అలా రావడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.

లారీలు, డీసీఎంలు, టిప్పర్లు ఉన్న యజమానులకు ఒక మనవి. బండిని ఈసారి సర్వీసింగుకిచ్చినప్పుడు గవర్నర్ సీలు ఉందో లేదో మీరే వంగి చూడండి. తీగ పీకి ఉంటే పెట్టించండి. ట్రిప్పుల లెక్కన డ్రైవర్‌కు కూలి కడుతున్నవాళ్లు ఆ పద్ధతి మార్చండి, తీగ పీకించేది చాలాసార్లు ఆ లెక్కే. కార్లున్నవాళ్లు వచ్చే ఆదివారం ఖాళీగా, సురక్షితంగా ఉన్నచోట మీ బండి నలభైలో ఎన్ని అంగల్లో ఆగుతుందో కొలిచి చూడండి. ఇంట్లో కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలుంటే వాళ్లను కూడా తీసుకుపోయి కొలిపించండి.