కంచు అద్దము

పఠనభాగములు: 2 కొరింథీయులకు 3:12–18, మత్తయి 11:2–7

ఆగమనకాలపు మొదటి ఆదివారము వచ్చుసరికి అనేక తెలుగు క్రైస్తవ గృహముల చూరులకు వెదురుబద్దల నక్షత్రములు వ్రేలాడును. నక్షత్రములో దీపము పెట్టుట సులభము. ఆ నక్షత్రము క్రింద నివసించువారి ముఖముల సంగతి వేరు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినది ముఖములను గూర్చియే.

3:18లో ఆయన వాడిన గ్రీకు క్రియ “కతోప్త్రోన్”, అనగా అద్దము, అను పదమునకు సంబంధించినది. కొందరు అనువాదకులు దానికి అద్దములో చూచుట అని అర్థము చెప్పిరి. తెలుగు బైబిలు ప్రతిఫలింపజేయుట అను అర్థమును గైకొన్నది. పండితుల వాదము తీరకున్నను విశ్వాసికి నష్టము లేదు. వెలుగువైపు తిరుగని అద్దము ఎవరికి వెలుగునిచ్చును?

ఆ కాలపు అద్దములు సాధారణముగా మెరుగుపెట్టిన లోహపువి. కొరింథు కంచుపనికి పేరొందిన పట్టణము గనుక ఈ పోలిక అచ్చటివారికి క్రొత్త కాదు. కంచు అద్దము పాడగుటకు ఎవరును దానిని పగులగొట్టనక్కరలేదు. ఊరక విడిచిపెట్టిన చాలును, చిలుము పట్టును. చింతపండుతో పాత్రలు తోము గృహిణికి ఈ సంగతి వేదాంత పండితునికంటె బాగుగా తెలియును. హృదయమునకు చిలుము పట్టుటయు ఇట్టిదే. అన్నదమ్ముల నడుమ తీరని గట్టు తగాదా, పలుకరింపు లేక గడచిన సంవత్సరము, క్రిస్మసు పాటల బృందము ఏ వీధివరకు పోయి ఏ వీధికి పోక మరలవలెనో అను మౌనమైన ఏర్పాటు: వీటిని ఎవరును పాపములని ఒప్పుకొనరు. సంఘము పూర్వమునుండి ఈ దినములను ఉపవాసమునకును పశ్చాత్తాపమునకును ప్రత్యేకించినది. అనేక దేవాలయములలో బల్లమీద పరచు ఊదారంగు వస్త్రము దానికి గురుతు. తోముట పాత్రకు సుఖముగా నుండదు.

సీనాయి కొండ దిగిన మోషే తన ముఖము ప్రకాశించుట తానెరుగడని నిర్గమకాండము 34:29 చెప్పుచున్నది. చూచినవారు ఎరిగిరి. సంఘపు వార్షిక నివేదికలో ఇట్టి ప్రకాశమునకు లెక్క దొరకదు, దొరికినచో అనుమానింపవలెను.

బాప్తిస్మమిచ్చు యోహాను వెలుగు కాడు, వెలుగునకు సాక్షి. ఆ సాక్షియే హేరోదు చెరసాలలో ఉండి, రావలసినవాడు ఈయనయేనా అని అడిగించెను. ఆయన తనకొరకు గాక శిష్యులకొరకే అడిగెనని పూర్వ వ్యాఖ్యాతలు కొందరు వ్రాసిరి. సువార్త అట్లు చెప్పుటలేదు. చీకటిగదిలోని మనుష్యునికి ఆ ప్రశ్న వచ్చుట వింతయు కాదు. ఆసుపత్రి మంచముమీద, ఇల్లు విడిచిన కుమారుని ఖాళీ గదిలో, భర్తను పాతిపెట్టిన తరువాతి మొదటి క్రిస్మసు రాత్రి అది నేటికిని వచ్చుచున్నది.

ప్రభువు యోహానును నిందింపలేదు. చెరసాల తలుపును తెరువలేదు. అడుగవచ్చినవారినే మరల పంపెను. తాము చూచినవి, వినినవి పోయి తెలుపుడనెను. చూపు పొందిన గ్రుడ్డివారిని, నడచిన కుంటివారిని, సువార్త విన్న బీదలను వారు కన్నులార చూచియుండిరి. లూకా వారిని ఇద్దరని వ్రాసెను, పేరులు వ్రాయలేదు. ఆ ఇద్దరు చెరసాలవైపు తిరిగి నడచిరి.